దూడను చూసినంత శ్రద్ధగా బిడ్డనూ చూడండి

సభ్యులందరికీ బాగా తెలిసిన పనితో ఈ పాఠం మొదలుపెడదాం. గేదె ఈనగానే మనం ఏం చేస్తాం? దూడ ముక్కు రంధ్రాలలో, నోటిలో ఉన్న జిగురు తుడుస్తాం. బొడ్డు కోసిన చోట టింక్చర్ అయొడిన్ రాస్తాం. లేచి నిలబడిందా, నాలుగు కాళ్ళూ సరిగా ఆనిస్తున్నదా అని చూస్తాం. జున్నుపాలు పట్టి, చక్కగా మింగుతున్నదా, ముక్కులోంచి తిరిగి వస్తున్నాయా అని గమనిస్తాం. మొదటి పేడ పడిందా లేదా అని తోక ఎత్తి చూస్తాం. మలద్వారం మూసుకుపోయి పుట్టిన దూడనో, అంగిలి చీలి పుట్టిన దూడనో పాతిక సంవత్సరాలుగా పాడి చేస్తున్న సభ్యుడు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటాడు. అటువంటి దూడ పుడితే గేదెను ఎవరూ నిలదీయరు. పశువైద్యుని పిలుచుకు వస్తారు.

మరి ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడు? ఆడపిల్లా మగపిల్లవాడా, ఎవరి పోలిక వచ్చింది అని చూసి, బట్టలో చుట్టి, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి ఇచ్చుకుంటారు. తల నుండి కాలివేళ్ళ దాకా విప్పి చూసేవారు తక్కువ. ఏదైనా లోపం కంటబడితే మాత్రం, వైద్యుని దగ్గరకు పోకముందే తల్లిని ప్రశ్నించడం మొదలవుతుంది. మనిషిని పశువుతో పోల్చామని ఎవరూ నొచ్చుకోవద్దు. దూడ విషయంలో మనకున్న మంచి అలవాటు బిడ్డ విషయంలో కూడా ఉండాలన్నదే మా ఉద్దేశ్యం. మేము వైద్యులము కాము, సంఘాల లెక్కలు తనిఖీ చేసేవారము. కనుక వైద్యశాస్త్రం స్థిరపరచిన సంగతులను మాత్రమే ఇక్కడ తెలియజేస్తున్నాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పుట్టే ప్రతి 100 మంది బిడ్డలలో సుమారు 6 గురికి చిన్నదో పెద్దదో ఏదో ఒక పుట్టుక లోపం ఉంటుంది. ఏడాదికి ముప్పై కాన్పులు జరిగే ఊరిలో ఒకరిద్దరు ఉంటారన్న మాట. కొన్ని పైకి కనబడతాయి. గుండెలో రంధ్రం, చెవుడు వంటివి కనబడవు. పుట్టిన 28 రోజులలోపు ఈ లోపాల వల్ల ప్రపంచంలో ఏటా దాదాపు 2 లక్షల 40 వేల మంది పసికందులు చనిపోతున్నారని అదే సంస్థ చెబుతున్నది.

గ్రహణం మొర్రి - పేరులోనే పొరపాటు

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను మనం గ్రహణం మొర్రి అంటాం. గర్భిణి గ్రహణం చూసినందువల్లనో, ఆ సమయంలో కత్తిపీట పట్టినందువల్లనో ఇలా జరిగిందని నమ్మకం. ఈ పేరు ఎంత పాతుకుపోయిందంటే, చదువుకున్నవారు కూడా వేరే మాట లేక అదే వాడుతున్నారు. మేమూ వాడుతున్నాము. పేరు ఉండనివ్వండి, దాని వెనుక ఉన్న లెక్క మాత్రం ఒకసారి సరిచూద్దాం.

కడుపులో బిడ్డ ముఖం రెండు పక్కల నుండి పెరుగుతూ వచ్చి మధ్యలో కలుసుకుంటుంది. పై పెదవి కలిసేది గర్భం దాల్చిన నాలుగవ వారం నుండి ఏడవ వారం మధ్యలో. నోటి కప్పు, అంటే అంగిలి, ఆరవ వారం నుండి తొమ్మిదవ వారం మధ్యలో కలుస్తుంది. ఆ రోజుల్లో ఏదైనా అడ్డు పడి కలయిక పూర్తి కాకపోతే చీలిక మిగిలిపోతుంది. గ్రహణంనాడు మనం గదిలో పడుకోబెట్టి, కదలనివ్వకుండా, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా ఉంచేది ఎవరిని? ఐదో నెలో ఏడో నెలో వచ్చి, కడుపు పైకి కనబడుతున్న ఆడపిల్లను. అప్పటికి బిడ్డ పెదవి కలవడమో, కలవకపోవడమో ఎన్నడో జరిగిపోయింది. ఇక పెదవి నిజంగా రూపుదిద్దుకునే వారాలలో, తాను గర్భవతినన్న సంగతి చాలామందికి రూఢిగా తెలియదు. అప్పుడు గ్రహణం వచ్చినా వారిని ఎవరూ గదిలో పెట్టరు.

ఇంకొక లెక్క. మన ఊరికి కనబడే గ్రహణాలు ఏడాదికి ఒకటో రెండో, కొన్ని సంవత్సరాలలో అసలే ఉండవు. మొర్రితో పుట్టే బిడ్డలు మాత్రం అన్ని నెలల్లోనూ పుడుతున్నారు. ప్రపంచమంతటా సుమారు 700 కాన్పులకు ఒకటి చొప్పున ఈ లోపం కనిపిస్తున్నది. దీనికి కారణం ఒక్కటి కాదు. వంశంలో వచ్చే లక్షణం కొంత, గర్భం తొలి వారాలలో తల్లికి తగిలే పొగ, అదుపులో లేని చక్కెర వ్యాధి, మూర్ఛకు వాడే కొన్ని మందులు కొంత. పొగ అంటే సిగరెట్లే అనుకోరాదు. ఉత్తర కోస్తాలో ఆడవారు నిప్పు నోటిలోపల పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట కూడా పొగే. చాలామంది విషయంలో ఫలానాదే కారణమని చెప్పడానికి వీలులేదు. కనుక కత్తిపీట సంగతి ఎత్తి బాలింతను ఏడిపించడం అన్యాయం. బాలింత దిగులుపడి, నిద్రాహారాలు మానితే పాలు పట్టే పని కూడా వెనుకబడుతుంది. ఈ బిడ్డకు కావలసిన మొదటి మందు పాలే.

ఉగ్గుగిన్నె విలువ

పెదవి మాత్రమే చీలిన బిడ్డ చాలావరకు తల్లి దగ్గర పాలు తాగగలుగుతుంది. అంగిలి కూడా చీలితే నోటిలో చప్పరింపుకు కావలసిన బిగువు రాదు. బిడ్డ రొమ్ము పట్టుకుంటుంది, కష్టపడుతుంది, కానీ పాలు దిగవు. దిగిన కాసిని పాలు ముక్కులోంచి వస్తాయి. చూసేవారు భయపడి పాలు మానిపిస్తారు. ఇటువంటి బిడ్డలలో కొందరు ఆపరేషన్ దాకా చేరకుండానే చనిపోవడం మొర్రి వల్ల కాదు, ఆకలి వల్ల.

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ఒక సభ్యురాలు తన మనుమరాలిని ఇలాగే కాపాడుకున్నది. ఆమె చేసినది పెద్ద విద్య ఏమీ కాదు. అటక మీద ఉన్న పాత ఉగ్గుగిన్నె దించి, శుభ్రంగా తోమి, నీళ్ళలో మరగబెట్టింది. కూతురి చేత పాలు పిండించి, బిడ్డను ఒడిలో సగం కూర్చున్నట్లు నిలిపి పట్టుకుని, గిన్నె ముక్కును బుగ్గ లోపలి వైపుకు ఆనించి కొద్దికొద్దిగా పోసింది. మింగిన తరువాతనే మళ్ళీ పోసేది. మధ్య మధ్య భుజాన వేసుకుని వీపు తట్టి తేన్పు తెప్పించేది. నేడు ఆసుపత్రులలో వైద్యులు చెబుతున్న పద్ధతి కూడా సరిగ్గా ఇదే. పడుకోబెట్టి పోయరాదు. అలా పోస్తే పాలు ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదమున్నది.

ఎన్ని పాలు పట్టాలి? మొదటి వారం దాటిన తరువాత బిడ్డ బరువులో కిలోకు రోజుకు 150 మిల్లీలీటర్లు సుమారు లెక్క. 3 కిలోల బిడ్డకు రోజుకు 450 మిల్లీలీటర్లు, ఎనిమిది సార్లుగా ఇస్తే ఒక్కొక్కసారి 55 మిల్లీలీటర్లు. సంఘంలో పది మిల్లీలీటర్ల తేడాకు కూడా కార్యదర్శితో వాదించే మన సభ్యులకు ఈ కొలత ఒక లెక్క కాదు. పాలు చాలుతున్నాయో లేదో బరువే చెబుతుంది. మొదటి వారంలో బిడ్డ కొంచెం తగ్గడం మామూలే. రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. ఆపైన రోజుకు 20 నుండి 30 గ్రాములు పెరగాలి. అంగన్‌వాడీలో వారం వారం తూయించండి.

పాల సంఘం పత్రికలో ఈ మాట రాయడం కొందరికి వింతగా తోచవచ్చు, అయినా రాయక తప్పదు. ఆరు నెలలు నిండేవరకు ఈ బిడ్డలకు గేదె పాలు, ఆవు పాలు పట్టవద్దు. మన పాలలోని మాంసకృత్తులు, లవణాలు దూడ పెరుగుదలకు తగినట్లుగా ఉంటాయి. అవి పసికందు మూత్రపిండాలకు బరువు. తల్లి పాలు పిండి పట్టడమే మార్గం. అవి నిజంగా చాలకపోతే వైద్యుని సలహా మీద నడుచుకోవాలి.

పెదవి ఆపరేషన్ సాధారణంగా 3 నుండి 6 నెలల వయస్సులో చేస్తారు. వైద్యులు పాటించే ఒక పాత కొండగుర్తు ఉన్నది: 10 వారాల వయస్సు, 10 పౌనుల బరువు, అంటే నాలుగున్నర కిలోలు, రక్తంలో హిమోగ్లోబిన్ 10 గ్రాములు. అంగిలి ఆపరేషన్ 9 నుండి 18 నెలల మధ్యలో. దీనిని మాత్రం వాయిదా వేయరాదు. బిడ్డ మాటలు నేర్చే వయస్సుకు అంగిలి మూసుకోకపోతే మాట ముక్కుతో వస్తుంది, తరువాత దిద్దడం కష్టం. పెళ్ళి వయస్సు వచ్చాక చూద్దాంలే అని ఆగి, పదిహేనేళ్ళకు తీసుకువచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. పెదవి బాగుపడుతుంది గాని మాట పూర్తిగా బాగుపడదు. చెవిలో చీము పట్టడం ఈ పిల్లలకు ఎక్కువ కనుక వినికిడి పరీక్ష కూడా చేయించాలి. ఖర్చుకు వెనుకాడవలసిన పని లేదు. 2013లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో మొర్రి, వంకర పాదం, వెన్ను చీలిక, గుండె లోపం వంటి పుట్టుక లోపాలకు 18 ఏళ్ళ లోపు పిల్లలకు ఉచిత వైద్యం ఏర్పాటు ఉన్నది. 1999లో స్థాపితమైన స్మైల్ ట్రెయిన్ అనే సంస్థ తన భాగస్వామి ఆసుపత్రులలో మొర్రి ఆపరేషన్లకు ఖర్చు భరిస్తున్నది.

పాదం వంకర

వెయ్యి కాన్పులకు ఒకటి చొప్పున బిడ్డ పాదం లోపలికి, కిందికి తిరిగి ఉంటుంది. నూనె రాసి రోజూ నలిస్తే సరిపోతుందని పెద్దలు అంటారు. కడుపులో ఇరుకుగా ఉన్నందువల్ల కొద్దిగా వంగిన పాదం, చేతితో సరిచేస్తే మామూలు స్థితికి వచ్చేది, దానంతట అదే సర్దుకుంటుంది. చేతితో తిప్పినా రాని పాదానికి నలగగొట్టడం పనికిరాదు. స్పెయిన్‌లో పుట్టి అమెరికాలోని అయోవాలో పనిచేసిన పొన్సెటి అనే వైద్యుడు కోత లేకుండా దీనిని సరిచేసే పద్ధతి రూపొందించాడు. వారానికొకసారి పాదాన్ని మెల్లగా తిప్పి పిండికట్టు వేస్తారు. సాధారణంగా ఐదారు కట్లతో పాదం దారికి వస్తుంది. చాలామందికి చివరలో మడమ నరం దగ్గర ఒక చిన్న కోత అవసరమవుతుంది. పుట్టిన ఒకటి రెండు వారాలలోనే మొదలుపెడితే మేలు. లేత కొమ్మ వంగినట్లు వంగుతుంది.

అసలు చిక్కు తరువాత వస్తుంది. కడ్డీతో కలిపిన బూట్లు మొదట మూడు నెలలు రాత్రింబగళ్ళు, ఆపైన నాలుగేళ్ళ వయస్సు వచ్చేవరకు రాత్రిపూట, నిద్రలో తొడగాలి. పాదం చక్కబడింది కదా, బిడ్డ ఏడుస్తోంది కదా అని బూట్లు మానేసిన ఇళ్ళలో పాదం మళ్ళీ తిరుగుతుంది. పొన్సెటి వైద్యం విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే.

గంటల లెక్కన చూడవలసినవి

మొర్రికి, పాదానికి వారాల వ్యవధి ఉన్నది. కొన్నింటికి గంటలే. పుట్టిన 24 గంటలలో బిడ్డకు నల్లని మొదటి విరేచనం కావాలి. కాకపోతే మలద్వారం ఉన్నదా లేదా చూడాలి. సుమారు 5 వేల మందిలో ఒకరికి ఉండదు. ఆముదం పట్టి ఎదురుచూడరాదు. నోటి నుండి ఆగకుండా నురగ వస్తూ, పాలు పట్టగానే ఉక్కిరిబిక్కిరై నీలంగా మారితే ఆహారనాళం పొట్టకు కలవలేదేమోనని అనుమానించాలి. ఇక చుక్క పాలు కూడా పట్టకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. పచ్చని వాంతి, పెదవులు నాలుక నీలంగా ఉండడం, ఇవి కూడా అంతే. వెన్ను మీద మెత్తని నీటి గడ్డ ఉంటే పసుపు, బూడిద, ఆకు పసరు ఏదీ రాయవద్దు. శుభ్రమైన తడిబట్ట కప్పి, గడ్డ నలగకుండా పక్కకో బోర్లానో పడుకోబెట్టి 108 వాహనానికి కబురు చేయాలి. కంటిపాప తెల్లగా కనబడితే వెంటనే కంటి వైద్యునికి చూపాలి. ఆసుపత్రిలో కాన్పు అయితే ఇంటికి పంపకముందే బిడ్డను తల నుండి కాలి దాకా పరీక్షించి చూపమని అడగండి. అది మీ హక్కు.

పుట్టకముందు చేయదగినవి

తల్లి తిండికీ బిడ్డ అవయవాలకూ సంబంధమున్నదని మొదట గట్టిగా తెలిసినది పశువుల శాలలోనే. 1933లో అమెరికాలోని టెక్సస్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హేల్ అనే శాస్త్రజ్ఞుడు విటమిన్ ఎ లేని మేత పెట్టిన పందికి 11 పిల్లలు పుట్టాయి. ఒక్కదానికీ కనుగుడ్లు లేవు. వంశదోషమేమో అనుకోవడానికి వీలున్నది. అయితే ఆ గుడ్డి పందులకే మంచి మేత పెట్టి ఈనించగా మంచి కళ్ళున్న పిల్లలు పుట్టాయి. దోషం మేతదని తేలింది.

మనుషులలో అంత స్పష్టంగా రుజువైనది ఫోలిక్ ఆమ్లం సంగతి. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే గొట్టం గర్భం దాల్చిన 28 రోజులలోపు మూసుకోవాలి. పైన మూసుకోకపోతే పుర్రె ఏర్పడదు, ఆ బిడ్డ బతకదు. కింద మూసుకోకపోతే వెన్ను చీలిక. ఆ బిడ్డకు కాళ్ళు పడిపోవచ్చు, మూత్రం మీద అదుపు ఉండదు, తలలో నీరు చేరవచ్చు. అప్పటికే ఇటువంటి బిడ్డను కన్న తల్లుల మీద ఏడు దేశాలలో జరిపిన ప్రయోగం ఫలితం 1991లో వెలువడింది. గర్భానికి ముందు నుండే రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం తీసుకున్నవారిలో ఈ లోపం 72 శాతం తగ్గింది. ఒక చిన్న మాత్రతో ఇంత ఫలితం రావడం వైద్యంలో అరుదు.

ఇక్కడ మన పద్ధతిలో ఉన్న లోటు చూడండి. నెల తప్పి, నిర్ధారణ చేయించుకుని, పేరు రాయించుకుని, మాత్రలు చేతికి వచ్చేసరికి రెండో మూడో నెల అవుతుంది. రక్తహీనతకు అప్పుడు వేసుకున్నా మేలే. వెన్ను గొట్టానికి మాత్రం గడువు దాటిపోయింది. కనుక బిడ్డ కావాలనుకున్న ఇల్లాలు గర్భానికి కనీసం ఒక నెల ముందు నుండి మూడో నెల నిండేవరకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలి. పెళ్ళయిన కొత్త కోడలికి చీర పెట్టేటప్పుడే ఈ మాట చెప్పవచ్చు. ముందు బిడ్డకు వెన్ను లోపం ఉన్నవారికి మోతాదు పది రెట్లు ఎక్కువ, అది వైద్యుడే రాయాలి. పాలకూర, తోటకూర, పెసలు, శనగలలో ఇది ఉన్నది గాని ఎక్కువసేపు ఉడికిస్తే చాలా భాగం పోతుంది. పాలలో ఇది తక్కువ. పాలు, పెరుగులో ఉన్నది బి 12, అది కూడా ఈ పనికి అవసరమే. శాకాహారులకు పాడి తప్ప వేరే ఆధారం లేదు. ఉన్న పాలన్నీ సంఘానికి పోసి ఇంటి కోడలికి గ్లాసుడు ఉంచని ఇళ్ళను మేము చాలా చూశాము.

మందుల మాట కూడా చెప్పాలి. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్‌ను గర్భిణుల వేవిళ్ళకు కూడా వాడారు. 1961లో అక్కడ దానిని ఉపసంహరించేలోగా అనేక దేశాలలో కలిపి పది వేలకు పైగా బిడ్డలు కాళ్ళు చేతులు సరిగా ఏర్పడక పుట్టారు. కనుక తొలి మూడు నెలల్లో దుకాణంలో అడిగి మాత్రలు కొనవద్దు. మూర్ఛ, చక్కెర వ్యాధి ఉన్నవారు మందులు తమంతట తాము మానరాదు, గర్భానికి ముందే వైద్యుని కలిసి మార్పించుకోవాలి. కల్లు, సారా ఏ నెలలోనూ పనికిరావు. పిల్లలకు 9 నెలలకు, మళ్ళీ 16 నుండి 24 నెలల మధ్య వేసే టీకాలో రుబెల్లా మందు ఉన్నది. గర్భిణికి ఆ జ్వరం వస్తే బిడ్డకు కంటిలో పొర, చెవుడు, గుండె లోపం రావచ్చునని 1941లో ఆస్ట్రేలియా కంటి వైద్యుడు గ్రెగ్ కనిపెట్టాడు. ఆడపిల్ల చేత ఈ టీకా మాన్పించడమంటే ఇరవై ఏళ్ళ తరువాతి బిడ్డకు ముప్పు తేవడమే.

మేనరికం

పెయ్యకు సూది వేయించేటప్పుడు తండ్రి ఆబోతు నెంబరు అడుగుతాం. అదే ఆబోతు వీర్యం ఆ పెయ్యకు వాడం. ఎందుకంటే లోపలి దోషం రెండు వైపుల నుండీ ఒకచోట కలిస్తే బయటపడుతుంది. తండ్రీ కూతుళ్ళ రక్తంలో సగం పోలిక. మేనమామకు, మేనకోడలికి నాలుగో వంతు. మేనత్త కొడుకుకు, మేనమామ కూతురికి ఎనిమిదో వంతు. బయటి సంబంధంలో పెద్ద లోపాలు నూటికి రెండు మూడు ఉంటే, మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్ళిలో నాలుగు నుండి ఆరు దాకా ఉండవచ్చు. సొంత మేనమామనే చేసుకుంటే ఇంకా ఎక్కువ. భూమి బయటకు పోకూడదనో, అక్కకు మాట ఇచ్చామనో ఈ సంబంధాలు చేస్తున్నారు. మా అభిప్రాయంలో సొంత మేనమామ సంబంధం పూర్తిగా మానవలసినదే. వంశంలో ఒక బిడ్డకు లోపం ఉన్న ఇంట మేనరికం కూడా మానాలి.

ఇప్పటికే చేసుకున్నవారు బెంగపడనవసరం లేదు. నూటికి తొంభై మందికి పైగా ఆరోగ్యమైన బిడ్డలే పుడుతున్నారు. గర్భం రాగానే దగ్గరి చుట్టరికం సంగతి వైద్యునికి దాచకుండా చెప్పి, 18 నుండి 20 వారాల మధ్య అవయవాల స్కానింగు తప్పక చేయించుకోవాలి. ఆ స్కానింగులో ఆడా మగా అని అడగడం 1994 చట్టం ప్రకారం నేరం. బిడ్డ గుండె, వెన్ను, పెదవి సరిగా ఉన్నాయా అని అడగండి.

కార్యదర్శులకు ఒక విజ్ఞప్తి. వెన్న శాతం, ధరల పట్టిక అంటించిన గోడ మీదనే మీ ఊరి ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం.ల ఫోను నెంబర్లు, 108, 104 నెంబర్లు పెద్ద అక్షరాలతో రాయించండి. జిల్లా ఆసుపత్రిలో పిల్లల లోపాలకు చికిత్స చేసే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం ఏ గదిలో ఉన్నదో ఆశా కార్యకర్తను అడిగి అదీ రాయించండి. ఉదయం పాలు పోయడానికి వచ్చేవారిలో అత్తగార్లే ఎక్కువ. క్యాను నిండేవరకు వరుసలో నిలబడి ఉంటారు కనుక, తీరికగా చదువుకుంటారు, చదువు రానివారికి పక్కవారు చదివి చెబుతారు.